ఐదో నెల స్కాన్, ఆ తర్వాతి ఎదురుచూపు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రసూతి విభాగంలో నర్సుగా పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. స్కానింగ్ గది బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇన్నేళ్ళలో పెద్దగా మారలేదు. "బిడ్డ బాగానే ఉందా?" అన్న ఒక్క ప్రశ్నే ఇరవై రూపాల్లో వస్తుంది. నాలుగో నెల నుంచి ఏడో నెల వరకు పదే పదే వినిపించినవాటిని ఇక్కడ వాళ్ళ మాటల్లోనే పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. నేను డాక్టరును కాను. మీ రిపోర్టు చూసి నిర్ణయం చెప్పవలసింది మీ డాక్టరే.

## స్కాన్ తేదీ కోసం చూస్తున్న రోజులు

ఐదో నెల స్కాన్ అంటే ఏ వారంలో? మా అత్తగారు నెలల్లో చెబుతున్నారు, డాక్టరు వారాల్లో చెబుతున్నారు.

చివరి నెలసరి మొదలైన రోజు నుంచి వారాలు లెక్కపెట్టండి. ఐదో నెలలో బిడ్డ అవయవాలను ఒక్కొక్కటిగా చూసే ఈ స్కాన్‌ను టిఫా అంటారు, దీన్ని 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. 18 నుంచి 20 వారాల లోపు అయితే మరీ మంచిది, ఎందుకంటే ఏదైనా అనుమానం వస్తే మరో పరీక్షకు, ఆలోచించుకోవడానికి సమయం మిగులుతుంది. ఇంట్లో తేడా ఎక్కడ వస్తుందంటే, "ఐదో నెల పడింది" అనేవారు ఒకరు, "ఐదు నెలలు నిండాయి" అనేవారు మరొకరు. ఈ రెండింటికీ మధ్య నెల రోజుల దూరం ఉంది. నిండాక వెళదామని ఆగి 23వ వారంలో వచ్చినవాళ్ళను చూశాను. ఆ ఆలస్యం వల్ల వాళ్ళు పడిన ఆందోళన మీకు వద్దు.

మూడో నెల స్కాన్‌లో బాగుందన్నారు. మళ్ళీ టిఫా ఎందుకు?

మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ చేసేటప్పటికి బిడ్డ తల నుంచి పిరుదుల దాకా 45 నుంచి 84 మిల్లీమీటర్లు ఉంటుంది. మెడ వెనక నీటి పొర, ముక్కు ఎముక, చేతులు, కాళ్ళు కనిపిస్తాయి. గుండెలో నాలుగు గదులు, వెన్నెముక వరుస, మూత్రపిండాలు, పెదవి, మెదడు లోపలి భాగాలు స్పష్టంగా చూడాలంటే బిడ్డ ఇంకా పెరగాలి. అందుకే ఐదో నెల. మొదటి స్కాన్ బాగుండటం మంచి కబురే, కానీ అది ఈ స్కాన్ చేసే పని చేయదు.

చెకప్‌కీ చెకప్‌కీ మధ్య నెల రోజులు ఉంది. అన్ని రోజులు బిడ్డ ఎలా ఉందో తెలియకుండా ఉండలేకపోతున్నాను.

ఇది అడిగేవాళ్ళలో ఎక్కువమంది పదహారు, పదిహేడు వారాల్లో ఉంటారు. కారణం నాకు తెలుసు. అప్పటికి వేవిళ్ళు తగ్గిపోయి ఉంటాయి, కదలికలు ఇంకా మొదలై ఉండవు. నిన్నటిదాకా వాంతులే బిడ్డ ఉందని చెప్పే గుర్తు. అవి ఆగగానే లోపల కూడా ఏదో ఆగిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ సమయానికి వేవిళ్ళు తగ్గడం చాలామందిలో జరిగేదే.

మామూలుగా 28 వారాల వరకు నెలకు ఒకసారి, 36 వారాల వరకు రెండు వారాలకు ఒకసారి, ఆపైన వారం వారం చూస్తారు. ఇబ్బందులు ముదిరే అవకాశం చివరి నెలల్లో ఎక్కువ కాబట్టి అలా పెట్టారు. మధ్యలో మనసు ఊరుకోకపోతే గుండె చప్పుడు వినిపించమని అడగడానికి వెళ్ళండి, తప్పేమీ లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్లు గర్భిణులను ఉచితంగా పరీక్షిస్తారు. 2016 నుంచి ఇది నడుస్తోంది. మీ ఊరి ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ వివరాలు చెబుతారు.

ఇంట్లో గుండె చప్పుడు వినే యంత్రం ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. కొనుక్కోవచ్చా?

వద్దనే చెబుతాను. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. అలవాటు లేని చేతికి అది దొరకక రాత్రి పన్నెండింటికి ఏడుస్తూ ఆసుపత్రికి వచ్చినవాళ్ళున్నారు. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. మీ నాడి చప్పుడో, మాయలో రక్తం పారే చప్పుడో విని బిడ్డదే అనుకుని, రావలసిన రోజున రాకపోవడం.

స్కాన్‌కు పరగడుపున వెళ్ళాలా? మూత్రం ఆపుకోవాలా?

పరగడుపు అవసరం లేదు. తిని వెళ్ళండి. మొదటి నెలల్లోలాగా మూత్రాశయం నిండుగా ఉండవలసిన పని కూడా సాధారణంగా ఉండదు, కావాలంటే అక్కడే నీళ్ళు తాగమంటారు. పాత రిపోర్టులన్నీ, తల్లీబిడ్డల కార్డు, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. వదులైన బట్టలు వేసుకోండి.

రిపోర్టు రాకముందే సీమంతం పెట్టుకోమంటున్నారు. పెట్టుకోవచ్చా?

వైద్యపరంగా అడ్డేమీ లేదు. మీ మనసు ఏమంటుందో అదే ముఖ్యం. కొందరికి గాజుల చప్పుడు మధ్య ధైర్యం వస్తుంది. మరికొందరికి నలుగురిలో నవ్వుతూ కూర్చోవడం శిక్షలా ఉంటుంది. రెండో రకం వారైతే ఏడో నెలకు జరపమని అమ్మ చేత చెప్పించండి. ఏడో నెలలో చేసుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి, ఎవరికీ కారణం చెప్పుకోనక్కర్లేదు.

## స్కాన్ గదిలో

స్కాన్ చేసే డాక్టరు ఒక్క మాటా మాట్లాడలేదు. ఏదో ఉందనేనా?

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. కాదు. ఆ నిశ్శబ్దానికి అర్థం పని జరుగుతోందనే. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు, గుండె గదులు, వెన్నుపూసలు ఒక్కొక్కటీ ఆపి కొలవాలి, బొమ్మ దాచాలి. కదిలే బిడ్డను కొలవడం కష్టం. ఇరవై నిమిషాల నుంచి నలభై నిమిషాలు పడుతుంది. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది. ఒకేచోట చాలాసేపు ఆగారంటే బిడ్డ పడుకున్న తీరు వల్ల ఆ భాగం అందక కావచ్చు.

చాలాచోట్ల స్కాన్ చేసేవారు రిపోర్టు మాత్రమే రాస్తారు, దాన్ని మీ కేసంతా తెలిసిన ప్రసూతి వైద్యురాలు చదివి చెబుతారు. అందువల్ల కూడా వాళ్ళు మాట తక్కువగా వాడతారు. అయినా మీరు అడగవచ్చు. మొదట్లోనే, జెల్ రాస్తున్నప్పుడే అడగండి: "అయ్యాక గుండె కొట్టుకోవడం ఒక్కసారి చూపిస్తారా, డాక్టరుగారూ?" ఇలా అడిగితే కాదన్నవారు తక్కువ. బయటికి వచ్చే ముందు ఇంకో రెండు మాటలు అడగండి: మిగతా వివరం ఎప్పుడు తెలుస్తుంది, ఎవరు చెబుతారు? తేదీ, మనిషి పేరు తెలిసిన ఎదురుచూపు సగం బరువే ఉంటుంది.

గుర్తింపు కార్డు అడిగారు, ఫారం మీద సంతకం పెట్టించారు. ఎందుకు? ఆడపిల్లా మగపిల్లాడా అని మాటవరసకు అడిగినా తప్పా?

ఆ ఫారం పేరు ఫారం ఎఫ్. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి గర్భిణి స్కాన్‌కూ అది నింపాలి. మీకు ఎంతమంది పిల్లలు, స్కాన్ ఎందుకు చేస్తున్నారు అన్న వివరాలు అందులో ఉంటాయి. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని అడగను అని మీరు, చెప్పనని డాక్టరు సంతకం చేస్తారు. చెప్పినవారికి శిక్ష ఉంది. చెప్పించుకోవాలని చూసినవారికి కూడా మూడేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా మొదటి నేరానికే ఉంది. కాబట్టి వెంట వచ్చిన పెద్దవాళ్ళ చేత కూడా ఆ ప్రశ్న అడిగించకండి. కొందరు డాక్టర్లు తెర మీది బొమ్మను మీవైపు తిప్పకపోవడానికి ఈ జాగ్రత్త కూడా ఒక కారణం. దాన్ని బిడ్డ ఆరోగ్యంతో ముడిపెట్టుకోకండి.

మావారిని లోపలికి రానివ్వలేదు. ఒక్కదాన్నే అంతా వినాల్సి వచ్చింది.

ఒక్కో కేంద్రం పద్ధతి ఒక్కోలా ఉంటుంది. తేదీ తీసుకునేటప్పుడే ఫోనులో అడగండి. స్కాన్ సమయంలో కుదరకపోయినా, డాక్టరు రిపోర్టు చెప్పేటప్పుడు పక్కన ఒకరు ఉండటం మీకు చాలా అవసరం. భయంలో విన్న మాటలు సగం చెవిన పడవు.

బిడ్డ సరిగా కనిపించలేదట. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

బిడ్డ బోర్లా పడుకుంటే ముఖం, గుండె కనిపించవు. చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటే పెదవి కనిపించదు. పాత ఆపరేషన్ మచ్చ, పొట్ట మీది కొవ్వు కూడా తరంగాలను అడ్డుకుంటాయి. ముందు కాసేపు నడిచి, ఏదైనా తాగి రమ్మంటారు. అప్పటికీ కుదరకపోతే ఇంకో రోజు ఇస్తారు. "ఏ భాగం కనిపించలేదు?" అని తప్పకుండా అడగండి. "కనిపించలేదు" అన్నదీ "లోపం కనిపించింది" అన్నదీ పూర్తిగా వేరు వేరు మాటలు. ఆ తేడా ఎవరూ విడమరిచి చెప్పక ఇళ్ళకు వెళ్ళి ఏడ్చిన తల్లులను చూశాను.

ఎదురుకాళ్ళతో ఉందన్నారు. పేగు మెడకు చుట్టుకుందని కూడా రాశారు. మేనమామకు కీడని ఇంట్లో గొడవ.

ఐదో నెలలో బిడ్డ బరువు 300 గ్రాములకు కాస్త అటూ ఇటూ. చుట్టూ కావలసినంత నీరు. రోజుకు ఎన్నిసార్లు పల్టీలు కొడుతుందో చెప్పలేం. కాళ్ళు కిందికి ఉన్నాయా తల కిందికి ఉందా అన్నది 36 వారాల దగ్గర పట్టించుకోవలసిన సంగతి. బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం పుట్టే పిల్లల్లో సుమారు నాలుగో వంతు మందిలో చూస్తాం. ఐదో నెలలో చుట్టుకున్నది రేపటికి విడిపోవచ్చు. ఇక మేనమామ సంగతి. బొడ్డుతాడులో తల్లి దగ్గర నుంచి బిడ్డకు ప్రాణవాయువు, ఆహారం పారుతాయి, అంతే. అన్నకో తమ్ముడికో కీడు మోసుకొచ్చే దారి అందులో లేదు. ఆ మాటతో కడుపుతో ఉన్న మనిషిని, ఆమె పుట్టింటివాళ్ళను బాధపెట్టడం అన్యాయం.

నేను అమెరికాలో ఉన్నాను. ఇక్కడ స్కాన్ చేసినామె నవ్వుతూ పంపేసింది, ఏమీ చెప్పలేదు.

అక్కడ సాధారణంగా స్కాన్ చేసేది టెక్నీషియన్, చదివి రాసేది డాక్టరు. ఫలితం చెప్పే అధికారం టెక్నీషియన్‌కు ఉండదు. రిపోర్టు మీ ఫోనుకే ముందుగా రావచ్చు, డాక్టరు మాట తర్వాత రావచ్చు. ఆ మధ్యలో రిపోర్టును ఊళ్ళో ఉన్న అమ్మకు పంపి ఇద్దరూ భయపడే బదులు, డాక్టరు కార్యాలయానికి ఫోను చేసి ఎప్పుడు మాట్లాడతారో అడగండి.

## రిపోర్టు చేతికి వచ్చాక

రిపోర్టు శనివారం వచ్చింది. డాక్టరు సోమవారం గానీ ఉండరు. ఈలోగా ఏం చేయాలి?

నాకూ ఇదే జరిగింది. రెండో కాన్పప్పుడు, పందొమ్మిదో వారంలో. బిడ్డ గుండెలో ఒక చుక్క ఉందని రాసి, కవరు అంటించి చేతికిచ్చారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎంత నర్సునైనా ఆ రోజు నేను రోగినే. రెండు రాత్రులు నిద్రపోలేదు, మావారితో సరిగా మాట్లాడలేదు, ఫోనులో కనిపించిందల్లా చదివాను. సోమవారం డాక్టరుగారు నాలుగు నిమిషాల్లో చెప్పిన మాట శనివారం ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు రాత్రులు ఉండేవి కావు. మా పాప ఇప్పుడు నాలుగో తరగతి. అయినా ఆ శనివారం మరిచిపోలేదు.

అందుకని చెబుతున్నాను. రిపోర్టు చివర ముగింపు అని ఉండే నాలుగు వరుసలు చదవండి. అక్కడ "వెంటనే సంప్రదించండి" అన్న అర్థం వచ్చే మాట ఉంటే ఆగకండి, ఆసుపత్రికి ఫోను చేసి డ్యూటీ డాక్టరును అడగండి. అలాంటి మాట లేకపోయినా ఫోను చేయవచ్చు: "ఇది సోమవారం దాకా ఆగగలిగిందేనా?" అని ఒక్క ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి ఏ డ్యూటీ డాక్టరుకైనా రెండు నిమిషాలు చాలు.

గుండెలో తెల్లని చుక్క అని రాశారు. గుండెకు రంధ్రమా?

కాదు. గుండె కండరంలో కాస్త సున్నం చేరిన చోట తరంగాలు ఎక్కువగా తిరిగి వచ్చి తెల్లగా మెరుస్తుంది. గుండె పనికి దానితో ఇబ్బంది లేదు. ఆసియా స్త్రీల గర్భాల్లో ఇది మరింత తరచుగా కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండటం వల్ల ఎదుగుదల, తెలివి నెమ్మదించే స్థితి) ఉన్న బిడ్డల్లో కూడా ఇది కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి రిపోర్టులో రాస్తారు. మిగతా స్కాన్ అంతా బాగుండి, ముందు చేసిన రక్తపరీక్షలు తక్కువ ప్రమాదమే చూపితే, ఈ ఒక్క చుక్కకు సాధారణంగా ఏమీ చేయరు. రక్తపరీక్ష చేయించుకోలేదంటే ఇప్పుడు ఏది చేయించాలో డాక్టరును అడగండి.

మెదడులో నీటి బుడగ ఉందట. ఇంకొకరికి కిడ్నీలో నీరు చేరిందని రాశారు.

మెదడులో నీరు తయారయ్యే చోట చిన్న బుడగలు కొన్ని గర్భాల్లో కనిపిస్తాయి. చాలావరకు 28 వారాలకల్లా కనిపించకుండా పోతాయి. అదొక్కటే ఉండి మిగతావన్నీ బాగుంటే బిడ్డ తెలివితేటలకు దానితో సంబంధం లేదు. కిడ్నీ విషయంలో మూత్రం చేరే భాగం వెడల్పును కొలుస్తారు. ఈ నెలల్లో 4 మిల్లీమీటర్లు దాటితే రిపోర్టులో రాస్తారు. కొంచెం ఎక్కువైనవి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి, 32 వారాల దగ్గర మళ్ళీ కొలిచి చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే పుట్టాక బిడ్డకు స్కాన్ చేయించాలి. ఆ మాటను తల్లీబిడ్డల కార్డు మీద రాయించుకోండి. కాన్పు హడావుడిలో మరిచిపోయేది ఇదే.

మాయ కిందికి ఉందన్నారు. మంచం దిగకూడదా?

ఐదో నెలలో కిందికి ఉన్న మాయ, గర్భాశయం పెరిగేకొద్దీ పదిమందిలో తొమ్మిదిమందికి పైకి జరుగుతుంది. 32 వారాల దగ్గర మళ్ళీ చూస్తారు. రక్తస్రావం లేకపోతే పూర్తి విశ్రాంతి పేరుతో మంచానికి అతుక్కుపోనక్కర్లేదు. బరువులు, ప్రయాణాలు, కలయిక గురించి మాత్రం డాక్టరును అడగండి. ఇదివరకు సిజేరియన్ అయి ఉంటే ఆ సంగతి స్కాన్ చేసేవారికి తప్పకుండా చెప్పండి. అప్పుడు మాయ పాత మచ్చ మీద ఉందేమో ప్రత్యేకంగా చూడాలి. ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి.

గ్రహణం రోజు తెలియక కూరగాయలు తరిగాను. గ్రహణం మొర్రి వస్తుందేమోనని నిద్రపట్టడం లేదు.

ఆ పేరే మన ఆడవాళ్ళను తరతరాలుగా భయపెడుతోంది. పై పెదవి చీలిక గర్భం మొదటి మూడు నెలల్లో, ముఖంలోని భాగాలు ఒకదానితో ఒకటి కలిసే సమయంలో ఏర్పడుతుంది. మీరు ఐదో నెలలో ఏం తరిగినా అప్పటికే పెదవి కలిసిపోయి ఉంటుంది. మొదటి నెలల్లో గ్రహణం వచ్చినా అంతే. నీడకూ పెదవికీ సంబంధం లేదు. వంశంలో ఉండటం, కొన్ని మందులు, పొగాకు వంటివి కారణాలు కావచ్చు. చాలాసార్లు కారణమే తెలియదు.

టిఫాలో పై పెదవిని చూస్తారు. ఒకవేళ చీలిక కనిపించినా, అది తల్లి చేసిన తప్పు కాదు. పెదవికి పుట్టిన కొన్ని నెలలకే, అంగిలికి ఏడాది అటూ ఇటూ ఆపరేషన్ చేస్తారు. ఆ పిల్లలు చక్కగా తింటారు, మాట్లాడతారు, బడికి వెళతారు. గ్రహణం రోజు అన్నం మానేసి, కదలకుండా పడుకుని నీరసించి వచ్చిన గర్భిణులకు సెలైన్లు పెట్టాను. ఆ ఉపవాసం చేసే హాని మాత్రం నిజమైనది.

"ఇప్పటికి పెద్ద లోపాలేవీ కనిపించలేదు" అని రాశారు. పూర్తిగా బాగుందని ఎందుకు రాయరు?

ఎందుకంటే అది నిజాయితీ ఉన్న మాట. స్కాన్ ఆకారాన్ని చూస్తుంది. చూపు, వినికిడి, తెలివి, ఆటిజం వంటివి దానికి కనిపించవు. గుండెలో చిన్న రంధ్రాలు కొన్ని, ఆలస్యంగా తెలిసే సమస్యలు కొన్ని ఎంత అనుభవజ్ఞుల చేతికైనా దొరకకపోవచ్చు. "అంతా నూటికి నూరు" అని ఎవరైనా అంటే అది మిమ్మల్ని ఓదార్చడానికి అన్న మాటే. "కనిపించలేదు" అన్న మాటకు తక్కువ విలువ కట్టకండి. ఐదో నెలలో ఎవరైనా ఇవ్వగలిగిన అతి పెద్ద భరోసా అదే.

## ఇంకో పరీక్ష అన్నప్పుడు

రక్తపరీక్షలో 1:180 వచ్చింది, ఎక్కువ ప్రమాదమన్నారు. నా బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టేనా?

లేదు. మీలాంటి ఫలితమే వచ్చిన 180 మంది తల్లులను వరుసలో నిలబెడితే, 179 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. ఒకరికి ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో ఈ పరీక్ష చెప్పలేదు. సాధారణంగా 1:250 ని గీతగా పెట్టుకుని, అంతకన్నా ప్రమాదం ఎక్కువైతే తర్వాతి పరీక్ష సూచిస్తారు. మీ వయసు, బరువు, చక్కెర వ్యాధి, గర్భం వారాల లెక్క అన్నీ కలిపి ఆ అంకె వస్తుంది. నెలసరి తేదీ తప్పుగా రాసినా అంకె మారిపోతుంది. ముందుగా ఆ వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూడండి.

మళ్ళీ రక్తపరీక్షా, ఉమ్మనీరు తీసే పరీక్షా? రెంటిలో ఏది?

తల్లి రక్తంలో తిరిగే మాయ తాలూకు డీఎన్‌ఏను చూసే పరీక్షను ఎన్‌ఐపీటీ అంటారు. డౌన్ సిండ్రోమ్ ఉంటే నూటికి 99 కన్నా ఎక్కువసార్లు పట్టుకుంటుంది, బిడ్డకు ప్రమాదం లేదు, కానీ ఖర్చు ఎక్కువ. ఎంత మంచిదైనా అది అనుమానాన్ని పెంచే లేదా తగ్గించే పరీక్షే, తీర్పు కాదు. తీర్పు ఉమ్మనీటిదే. 15 వారాలు దాటాక స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో కొద్దిగా నీరు తీస్తారు. దానివల్ల గర్భం పోయే ప్రమాదం 200 మందిలో ఒకరికన్నా తక్కువ. స్కాన్‌లోనే లోపం కనిపిస్తే చాలామంది డాక్టర్లు నేరుగా ఉమ్మనీరు పరీక్షే సూచిస్తారు. వారాలు ముందుకు వెళ్ళిపోయి ఉంటే రెండు పరీక్షలూ వరుసగా చేయించుకునే సమయం ఉండదు. ఆ విషయం స్పష్టంగా అడగండి.

ఉమ్మనీరు తీశారు. ఫలితానికి మూడు వారాలట. ఎందుకంత ఆలస్యం?

ఆ నీటిలో బిడ్డ చర్మం నుంచి రాలిన కణాలు కొన్నే ఉంటాయి. క్రోమోజోములు చూడాలంటే ఆ కణాలను ప్రయోగశాలలో పెంచాలి. అవి పెరిగి, విభజన చెందుతున్న క్షణంలోనే క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తాయి. నారు పోసి మొలక కోసం చూడటం లాంటిదే, ఎవరూ తొందరపెట్టలేరు. ఫలితం ఆలస్యమైతే చెడు ఉన్నట్టు కాదు, కణాలు నెమ్మదిగా పెరిగాయని మాత్రమే. ముఖ్యమైన కొన్ని క్రోమోజోములను మాత్రం కణాలు పెంచకుండానే చూసే త్వరిత పరీక్ష ఉంది, దాని ఫలితం కొద్ది రోజుల్లోనే వస్తుంది. మీకు అది కూడా పంపారో లేదో అడగండి. పంపి, అది బాగుందని వస్తే మిగతా వారాలు కాస్త తేలికగా గడుస్తాయి.

చెడు వార్తే వస్తే? అప్పుడు ఎంత సమయం ఉంటుంది?

ఈ ప్రశ్న గట్టిగా అడగడానికి కూడా భయపడతారు. అడిగినంత మాత్రాన కీడు జరగదు. తెలియకపోతేనే నిర్ణయం మీ చేతుల్లోంచి జారిపోతుంది.

2021లో సవరించిన చట్టం ప్రకారం గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. బిడ్డలో తీవ్ర లోపం వంటి నిర్దిష్ట కారణాలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. 24 వారాలు దాటాక తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే అవకాశం ఉంది. బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని నిబంధన. తేదీలు తరుముతున్నా, ఒక రోజు ఆగి రెండో అభిప్రాయం తీసుకోవడానికి చాలాసార్లు వీలుంటుంది. జన్యు నిపుణులతోనూ, ఆ లోపానికి ఆపరేషన్ చేసే పిల్లల సర్జన్‌తోనూ మాట్లాడించమని అడగండి. భయంకరంగా వినిపించే కొన్ని పేర్లకు మంచి చికిత్స ఉంటుంది. గర్భం ఉంచుకోవాలనుకున్నా, వద్దనుకున్నా, ఆ నిర్ణయం మీది. అత్తింటివారిదీ కాదు, నాదీ కాదు.

## ఇంట్లో, తర్వాతి చెకప్ వరకు

ఇరవయ్యో వారం వచ్చింది. కదలికలు తెలియడం లేదు.

తొలి కాన్పు అయితే 18 నుంచి 22 వారాల మధ్య, కొందరికి ఇంకాస్త ఆలస్యంగా తెలుస్తాయి. మొదట్లో అవి తన్నుల్లా ఉండవు. చేప తోక ఆడించినట్టు, కడుపులో గాలి కదిలినట్టు ఉంటాయి. మాయ ముందువైపు ఉంటే దిండు అడ్డం పెట్టినట్టే, ఇంకా ఆలస్యమవుతుంది. 24 వారాలు వచ్చినా ఏమీ తెలియకపోతే డాక్టరుకు చెప్పాలి. రోజుకు ఇన్ని అని లెక్కపెట్టడం 28 వారాల తర్వాతి పని. ఒకసారి అలవాటైన కదలికలు ఆగినా, బాగా తగ్గినా మాత్రం ఏ వారమైనా అదే రోజు వెళ్ళండి.

చక్కెర నీళ్ళు తాగించి రక్తం తీశారు. ఇది బిడ్డ కోసమా, నా కోసమా?

ఇద్దరికీ. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు. 140 దాటితే గర్భధారణలో వచ్చే చక్కెర వ్యాధిగా లెక్కిస్తారు. 24 నుంచి 28 వారాల మధ్య ఈ పరీక్ష తప్పనిసరి. వచ్చినా కంగారు పడకండి. చాలామందికి తిండి మార్పుతో, నడకతో అదుపులో ఉంటుంది.

నా భార్య రోజూ భయపడుతోంది. "ఏం కాదులే" అంటే ఇంకా కోపం వస్తోంది. ఏమనాలి?

ఆ మాట ఆమె భయాన్ని తీర్చదు, ఆపేస్తుంది. ఏం కాదని మీకు తెలియదు, ఆమెకు ఆ సంగతి తెలుసు. దానికి బదులు "నాకూ భయంగానే ఉంది. సోమవారం సెలవు పెట్టాను, ఇద్దరం కలిసి వెళదాం" అనండి. రిపోర్టుల ఫైలు మీరు మోయండి. ఆసుపత్రికి ఫోను మీరు చేయండి. బంధువుల ఫోన్లకు మీరే జవాబు చెప్పండి. "ఏమన్నారు, ఏమన్నారు" అని రోజుకు పదిమందికి చెప్పుకోవడమే ఆమెను అలసటకు గురిచేస్తుంది.

అంతా బాగుందన్నారు. అయినా భయం పోవడం లేదు. ఇదివరకు ఒక బిడ్డ పోయింది.

ఒకసారి పోగొట్టుకున్నవారికి మంచి రిపోర్టు రెండు రోజులే పనిచేస్తుంది. మూడో రోజు మళ్ళీ మొదలు. ఇది మీ బలహీనత కాదు. పోయిన బిడ్డ గురించి కొత్త డాక్టరుకు మొదటి చెకప్‌లోనే చెప్పండి, వీలైతే చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. తిండి సయించకపోయినా, నిద్ర రెండు వారాలుగా లేకపోయినా, ఏడుపు ఆగకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పోయిన బిడ్డను తలుచుకుంటే కడుపులో బిడ్డకు మంచిది కాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ బిడ్డకూ మీరే అమ్మ.

ఏవి కనిపిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగకూడదు?

రక్తస్రావం ఎంత కొంచెమైనా. నీరు కారినట్టు బట్టలు తడవడం. ఆగి ఆగి వచ్చే నడుము నొప్పి, పొత్తికడుపు బిగుసుకోవడం. జ్వరం. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం, చేతులు ఒక్కసారిగా వాచడం. మూత్రంలో మంట. అలవాటైన కదలికలు తగ్గడం. వీటిలో ఏది ఉన్నా రాత్రా పగలా అని చూడకుండా వెళ్ళండి. బండి లేకపోతే 108కి ఫోను చేయండి. వచ్చాక ఏమీ లేదని తేలితే మేము విసుక్కోము. "ఊరికే వచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను సిస్టర్" అని చాలామంది నొచ్చుకుంటారు. ఊరికే వచ్చినవాళ్ళను ఇంటికి పంపే రాత్రులే మాకు మంచి రాత్రులు.